పెర్రీ బడి లెక్క వెనుక: డేవిడ్ వైకార్ట్ శిశువిద్యా కృషి

సంక్షిప్తంగా: పసిపిల్లల చదువు మీద పెట్టిన ఖర్చు సమాజానికి అనేక రెట్లుగా తిరిగి వస్తుందనే మాటకు ప్రధాన ఆధారం 1962లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డేవిడ్ వైకార్ట్ మొదలుపెట్టిన పెర్రీ శిశుబడి ప్రయోగం. అందులో పాల్గొన్నది 123 మంది పిల్లలు. ఆ పిల్లలను నలభయ్యేళ్ల వయసు దాకా గమనించి తేల్చిన ఫలితాలు గట్టివే. కానీ అవి ఐదారుగురు పిల్లలకు ఒక టీచరు, వారం వారం ఇంటికి వెళ్లిన టీచర్లు, పిల్లలే తమ పనిని ఎంచుకున్న దినచర్య అనే షరతుల మీద వచ్చినవి. ఆ షరతులను వదిలేసి అంకెను మాత్రం వాడుకోవడం వల్లనే నేటి చర్చలో చాలా గందరగోళం పుడుతోంది.

జాతీయ విద్యావిధానం 2020 మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న వయసును ఒకే పునాది దశగా లెక్కించింది. ఆ దశకు 2022 అక్టోబరులో జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆటవస్తువులు, బొమ్మలు, కథలతో ‘జాదూయీ పిటారా’ అనే పెట్టెను కేంద్రం విడుదల చేసింది. ఈ పత్రాలన్నిటిలోనూ మళ్లీ మళ్లీ కనిపించే మాట ఆట ద్వారా నేర్చుకోవడం. మరోవైపు మూడేళ్లు నిండగానే నర్సరీలో చేర్చడం, నాలుగేళ్లకు ఎల్‌కేజీ సంచి భుజానికి తగిలించడం, రాత్రి పూట చేయి పట్టుకుని హోంవర్కు దిద్దించడం తెలుగు పట్టణాల్లోనే కాక మండల కేంద్రాల్లోనూ మామూలైపోయింది. ఆడుకోవడానికైతే బడి దేనికని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబుగా నివేదికల్లోనూ ప్రసంగాల్లోనూ వినిపించేది ‘ఒక డాలరు పెడితే ఏడు డాలర్లు’, ‘ఒక డాలరుకు పదమూడు డాలర్లు’ అనే లెక్క. ఈ లెక్క ఎక్కడ పుట్టిందో, దేన్ని కొలిచిందో తెలియాలంటే దాన్ని సాధ్యం చేసిన మనిషి వృత్తిజీవితాన్ని వరసగా చూడాలి. పరిశోధన, పాఠ్యప్రణాళిక రూపకల్పన ఒకే చేతిలో నడిచిన అరుదైన జీవితం అది. దాని బలం అందులోనే ఉంది, దాని మీద వచ్చిన ప్రధాన అభ్యంతరమూ అందులోనే ఉంది.

బడి మారనంటే బడికి ముందు

డేవిడ్ వైకార్ట్ 1931లో ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్‌లో జన్మించారు. ఒబర్లిన్ కళాశాలలో చదివి, మెరైన్ దళంలో పనిచేసి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా చేరారు. ఆ విశ్వవిద్యాలయానికి పక్కనే, డెట్రాయిట్‌కు పడమరన ఉన్న ఇప్సిలాంటి అనే చిన్న పారిశ్రామిక పట్టణంలో 1950ల చివర ప్రభుత్వ పాఠశాలల మనస్తత్వవేత్తగా ఉద్యోగం మొదలుపెట్టి, తరువాత ప్రత్యేక సేవల విభాగానికి అధిపతి అయ్యారు. వెనుకబడిన పిల్లలకు పరీక్షలు పెట్టడం, ఎవరిని ప్రత్యేక తరగతులకు పంపాలో చెప్పడం ఆ ఉద్యోగంలో భాగం.

అక్కడ ఆయనకు ఒక క్రమం కనిపించింది. పట్టణానికి దక్షిణం వైపు ఉన్న నల్లజాతి వాడల పిల్లలు పెర్రీ పాఠశాలలో చదివేవారు. తరగతి తప్పినవాళ్లలో, ప్రత్యేక తరగతులకు వెళ్లినవాళ్లలో, హైస్కూలు మధ్యలో మానేసినవాళ్లలో ఆ పిల్లలే ఎక్కువ. లోపం పిల్లల తెలివిలో ఉందని అప్పటి సాధారణ అభిప్రాయం. బడి నడిచే తీరులోనే లోపముందని వైకార్ట్ అనుమానించి, ఆ వివరాలను పట్టణంలోని ప్రధానోపాధ్యాయుల ముందు పెట్టారు. పెర్రీ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు చార్లెస్ యూజీన్ బీటీ అండగా నిలిచారు కానీ, మిగిలినవారిలో మార్పుకు సుముఖత కనిపించలేదు.

శిశువిద్య ఆయన దృష్టికి వచ్చింది ఈ దశలోనే. నడుస్తున్న బడిని మార్చే అధికారం ఆయనకు లేదు. కానీ మూడు, నాలుగేళ్ల పిల్లలు ఇంకా బడి పరిధిలోకి రాలేదు. వారి కోసం ఏదైనా మొదలుపెడితే అడ్డుకునే నియమావళి కూడా లేదు. పసితనమే అత్యంత కీలకమనే సిద్ధాంతంతో కాక, బడి తలుపు తెరుచుకోకపోవడంతో ఆయన బడికి ముందున్న వయసు వైపు తిరిగారు. పెర్రీ ప్రయోగం గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి తరచుగా మరుగున పడుతుంది. ఆ తరువాతి బడి మారకుండా ఉండిపోయిందన్న విషయమూ దానితోపాటే మరుగున పడుతుంది.

సలహా అడిగిన నిపుణుల్లో కొందరు ఆయనను హెచ్చరించారు. అంత చిన్న వయసులో పిల్లలను క్రమబద్ధమైన చదువులో పెడితే మేలు కాకపోగా కీడు జరగవచ్చని వారి అభిప్రాయం. అప్పుడు ఆయన తీసుకున్న నిర్ణయమే తరువాతి ఆరు దశాబ్దాల చర్చకు పునాది అయింది. మేలో కీడో తెలియని పనిని అందరి మీదా రుద్దకుండా, సగం మందికి ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా, రెండు జట్లను పోల్చి చూడాలని ఆయన నిశ్చయించుకున్నారు.

123 మంది పిల్లలు

1962 నుంచి 1965 మధ్య ఐదు విడతలుగా 123 మంది పిల్లలను ఎంపిక చేశారు. అందరూ పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు. ప్రజ్ఞా పరీక్షలో, అంటే ఐక్యూ పరీక్షలో, 70 నుంచి 85 మధ్య మార్కులు వచ్చినవాళ్లను, బడిలో తప్పుతారని ముందే ముద్ర పడేవాళ్లను ఏరి తీసుకున్నారు. వీరిలో 58 మంది శిశుబడికి వెళ్లారు, 65 మంది వెళ్లలేదు. ఎవరు ఏ జట్టులో ఉండాలన్నది పెద్దల ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛికంగా నిర్ణయించారు.

ఈ విభజన పూర్తిగా నిష్కళంకం కాదు. ఒకే ఇంటి తోబుట్టువులను ఒకే జట్టులో ఉంచారు. తల్లి బయట పనికి వెళ్తున్నందువల్ల మధ్యాహ్నం టీచరు ఇంటికి వెళ్లినా కలిసే వీలు లేని కొందరు పిల్లలను రెండో జట్టుకు మార్చారు. దీన్ని విమర్శకులు ఎత్తిచూపారు. తరువాత ఆర్థికశాస్త్రవేత్త జేమ్స్ హెక్‌మన్, ఆయన సహచరులు ఈ సవరణలను లెక్కలోకి తీసుకుని గణాంకాలను మళ్లీ పరిశీలించినప్పుడు ఫలితాల పరిమాణం కొంత తగ్గింది, దిశ మాత్రం మారలేదు.

ఆ గదిలో ఏం జరిగేది

అంకెల చర్చలో అందరూ వేగంగా దాటిపోయే భాగమిది. నిజానికి నిలబడి చూడవలసింది ఇక్కడే.

వారానికి ఐదు రోజులు, పొద్దున రెండున్నర గంటలు, అక్టోబరు నుంచి మే దాకా బడి నడిచేది. ఎక్కువ మంది పిల్లలు రెండేళ్లు చదివారు. ఇరవై నుంచి ఇరవైఐదు మంది పిల్లలకు నలుగురు టీచర్లు ఉండేవారు. వారంతా ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేయడానికి అర్హత పొందినవారు. మధ్యాహ్నం వేళ టీచరు ఒక్కో ఇంటికి వారానికి ఒకసారి వెళ్లి, గంటన్నర పాటు తల్లితోనూ బిడ్డతోనూ కూర్చునేవారు. తల్లికి ఉపన్యాసం చెప్పడానికి కాదు, ఆ బిడ్డ ఏం చేస్తున్నాడో ఇద్దరూ కలిసి చూడడానికి.

పాఠ్యప్రణాళిక మొదటి రోజే సిద్ధంగా లేదు. మొదటి ఏళ్లలో టీచర్లు తామే ప్రతి పనినీ నిర్దేశించేవారు. పిల్లల ఆలోచన ఎదిగే తీరును అధ్యయనం చేసిన స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే రచనలు చదివి, రోజూ సాయంత్రం తరగతిలో జరిగింది చర్చించుకుంటూ, వారూ వైకార్టూ కలిసి దాన్ని కొద్దికొద్దిగా మార్చారు. పిల్లవాడు బుద్ధిలో కట్టుకునే జ్ఞానం తన చేతులతో చేసిన పని నుంచే వస్తుందన్నది పియాజే నుంచి వారు గ్రహించిన మూలసూత్రం. ఆ సూత్రాన్ని రోజువారీ దినచర్యగా మార్చడంలో వైకార్ట్ బృందం చేసిన కల్పనను తెలుగులో అనుకోవడం, చేయడం, చెప్పుకోవడం అనే మూడు మాటల్లో చెప్పవచ్చు.

పొద్దున పిల్లవాడు ఆ రోజు ఏం చేయబోతున్నాడో టీచరుకు చెప్తాడు. మూడేళ్లవాడైతే దిమ్మలు ఉన్న మూల వైపు వేలు చూపించి ఊరుకుంటాడు. టీచరు దాన్ని అక్కడితో వదలదు. దిమ్మలతో ఏం కడతావు, ఎవరితో కలిసి కడతావు, బండి కడితే చక్రాలకు ఏం పెడతావు అని అడుగుతుంది. తరువాత ముప్పావు గంట, గంట సేపు పిల్లలు తాము అనుకున్న పని చేస్తారు. టీచరు పక్కన కూర్చుని గమనిస్తుంది, అవసరమైనచోట ఒక ప్రశ్న వేస్తుంది, తాను కట్టి చూపించదు. పని అయ్యాక సామాన్లు సర్ది, చిన్న గుంపుగా కూర్చుని, ఏం అనుకున్నారో, ఏం చేశారో, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పుకుంటారు. ఈ చివరి భాగం ఇజ్రాయెల్ నుంచి సలహాదారుగా వచ్చిన మనస్తత్వవేత్త సారా స్మిలాన్‌స్కీ సూచనతో బలపడింది.

పైకి ఇది ఆటలాగే కనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. ఇంకా జరగని పనిని మనసులో ఊహించుకోవడం, దాన్ని మాటల్లో పెట్టడం, మధ్యలో దృష్టి మళ్లినా మొదట అనుకున్నదానికి తిరిగి రావడం, జరిగిపోయినదాన్ని వరస తప్పకుండా గుర్తుచేసుకోవడం అనే నాలుగు శక్తులు ప్రతిరోజూ సాధనలోకి వస్తాయి. పాఠ్యప్రణాళిక పత్రాల్లో ‘స్వీయ నియంత్రణ’ అని రాసేది దీన్నే. పిల్లలను ఆవరణలో వదిలేసి ఆడుకోమనడం ఆట ఆధారిత విద్య కాదన్న మాటకు అర్థం కూడా ఇదే. ఆట పిల్లలదే, కానీ దాని చుట్టూ ఉన్న ప్రశ్న, సమయం, సామగ్రి టీచరు ఆలోచించి అమర్చినవి. కనుకనే ఈ పద్ధతికి ఐదారుగురికి ఒక టీచరు అవసరమైంది. ముప్పై మందిలో ఒక్కొక్కరినీ ‘నువ్వేం చేస్తావు’ అని అడిగి జవాబు వినేసరికి పొద్దు గడిచిపోతుంది.

పెరిగి తగ్గిన ఐక్యూ

మొదటి ఏడాది ముగిసేసరికి శిశుబడి పిల్లల ఐక్యూ గణనీయంగా పెరిగింది. ఐదేళ్ల వయసులో 90 లేదా అంతకు పైన వచ్చినవాళ్లు శిశుబడి జట్టులో 67 శాతం, రెండో జట్టులో 28 శాతం. పరిశోధకులు సంబరపడ్డారు. అయితే ఆ పిల్లలు మామూలు బడిలో చేరాక రెండు జట్ల మధ్య తేడా ఏటేటా తగ్గుతూ, ఎనిమిదేళ్లు వచ్చేసరికి దాదాపు మాయమైంది. ఇంతలో పేద పిల్లల శిశువిద్య కోసం 1965లో దేశవ్యాప్తంగా మొదలైన హెడ్‌స్టార్ట్ పథకం మీద 1969లో వెలువడిన వెస్టింగ్‌హౌస్ నివేదిక కూడా లాభాలు త్వరగా కరిగిపోతున్నాయని చెప్పింది. శిశువిద్య వృథా ఖర్చు అనే వాదన బలపడిన కాలమది.

చాలామంది అక్కడ ఆగిపోయేవారు. వైకార్ట్ ఆగలేదు. ఐక్యూతో పాటు హాజరు, తరగతి తప్పడం, ప్రవర్తన, ఉపాధి, అరెస్టులు, కుటుంబ జీవితం వంటి వివరాలను కూడా సేకరిస్తూ పోయారు. పద్నాలుగేళ్లకు చదువు పరీక్షల్లో శిశుబడి జట్టు ముందున్నట్టు తేలింది. నలభయ్యేళ్ల వయసులో, అప్పటికి బతికి ఉన్న 116 మందిలో 112 మందిని వెతికి పట్టుకుని మాట్లాడగలిగారు. ఈ ఒక్క అంకె చాలు ఆ బృందం నిబద్ధతను చెప్పడానికి. ఏడాదికి 20,000 డాలర్లకు పైగా సంపాదిస్తున్నవారు శిశుబడి జట్టులో 60 శాతం, రెండో జట్టులో 40 శాతం. ఐదు లేదా అంతకన్నా ఎక్కువసార్లు అరెస్టయినవారు 36 శాతం, 55 శాతం. హైస్కూలు పూర్తి చేసిన విషయంలో అమ్మాయిల్లో తేడా చాలా పెద్దది. అబ్బాయిల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఐక్యూ లాభం కరిగిపోయినా జీవితంలో లాభం ఎలా మిగిలింది? హెక్‌మన్, ఆయన సహచరులు చేసిన విశ్లేషణ ప్రకారం శిశుబడి శాశ్వతంగా మార్చింది పట్టుదల, తోటివారితో మెలగడం, కోపాన్ని నిభాయించుకోవడం వంటి గుణాలను. అబ్బాయిల్లో దుడుకుతనం తగ్గడం తరువాతి అరెస్టులు తగ్గడానికి దారితీసిందని ఆ విశ్లేషణ చూపింది. రోజూ అనుకుని, చేసి, చెప్పుకున్న దినచర్యకూ ఈ గుణాలకూ ఉన్న దగ్గరతనం గమనించదగినది. కేవలం అక్షరాలు, అంకెలు వచ్చాయా అన్న పరీక్షతో శిశుబడిని తూచితే, దాని అసలు ఫలితం తూకంలోకే రాదు.

డబ్బు లెక్క దేనిది

‘ఏడు డాలర్లు’ అన్న మాట పిల్లలకు 27 ఏళ్లు వచ్చినప్పుడు, 1993లో వెలువడిన నివేదికది. నలభయ్యేళ్ల నివేదిక వైకార్ట్ 2003లో మరణించిన తరువాత పుస్తకంగా వచ్చింది. దాని ప్రకారం ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు, 2000 నాటి ధరల్లో, 15,166 డాలర్లు. సాధారణ ప్రజలకు తిరిగి వచ్చిన లాభం ప్రతి డాలరుకు 12.90 డాలర్లు. పాల్గొన్నవారి సొంత సంపాదనలో పెరుగుదల కూడా కలిపితే 16.14 డాలర్లు. హెక్‌మన్ బృందం 2010లో మరింత జాగ్రత్తగా లెక్కించి, ఏడాదికి 7 నుంచి 10 శాతం రాబడిగా తేల్చింది.

ఈ 12.90 డాలర్లలో ఏం ఉందన్నది ముఖ్యం. ఆ ప్రజా లాభంలో 88 శాతం నేరాలు తగ్గడం వల్ల మిగిలిన ఖర్చు. అంటే పోలీసులు, న్యాయస్థానాలు, జైళ్ల మీద ప్రభుత్వానికి ఆదా అయినదీ, నేరాల బాధితులకు తప్పిన నష్టమూ. పెరిగిన పన్నులు, తగ్గిన ప్రత్యేక విద్య ఖర్చు, తగ్గిన సంక్షేమ చెల్లింపులు కలిపినా మిగిలిన చిన్న భాగమే. ఒక ఖైదీని ఏడాది పాటు ఉంచడానికి ఎంతో ఖర్చు చేసే దేశంలో, పెద్ద సంఖ్యలో నల్లజాతి యువకులను జైళ్లలో పెట్టిన దశాబ్దాల్లో తేలిన లెక్క ఇది. దీన్ని రూపాయల్లోకి మార్చి అనంతపురానికో ఆదిలాబాదుకో అన్వయించడం గణితపరంగా అర్థం లేని పని. మన దగ్గర శిశువిద్య వల్ల లాభం ఉండదని దీని అర్థం కాదు. లాభం మరో దారిలో, బహుశా మూడో తరగతిలో చదవగలగడం, ఆడపిల్ల బడి మానకపోవడం, పోషణ మెరుగుపడడం వంటి రూపాల్లో రావలసి ఉంటుంది. దాన్ని విడిగా కొలవాలి.

మూడు పద్ధతులను పక్కపక్కన పెట్టినప్పుడు

పెర్రీ ప్రయోగం శిశుబడి ఉండడాన్ని, లేకపోవడంతో పోల్చింది. ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు అది జవాబు ఇవ్వదు. ఆ ప్రశ్న కోసం వైకార్ట్ 1967లో ఇంకో ప్రయోగం మొదలుపెట్టారు. 68 మంది పేద పిల్లలను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు టీచరు ముందుగా రాసిపెట్టిన పాఠాన్ని వరసగా చెప్పి, పిల్లల చేత పలికించి, అక్షరాలు, లెక్కలు నేర్పే ప్రత్యక్ష బోధన. రెండో జట్టుకు వైకార్ట్ బృందపు పద్ధతి. మూడో జట్టుకు పాతకాలపు నర్సరీ, అంటే పాటలు, ఆటలు, పిల్లల ఆసక్తి ఎటు పోతే అటు.

మొదటి ఏడాదిలో మూడు జట్ల ఐక్యూ కూడా బాగా పెరిగింది. పద్ధతి కన్నా శ్రద్ధగా నడపడమే ముఖ్యమని వైకార్ట్ అప్పట్లో రాశారు. పదిహేనేళ్ల వయసులో పరిస్థితి మారింది. ప్రత్యక్ష బోధన జట్టు పిల్లలు తాము చేసినట్టు చెప్పుకున్న తప్పుడు పనుల సంఖ్య మిగతా రెండు జట్ల కన్నా రెండింతలకు మించింది. ఇరవైమూడేళ్ల వయసులోనూ అరెస్టుల్లో తేడా కనిపించింది. పసిపిల్లలకు అక్షరాలు రుద్దకూడదనే వాదనకు ఇది ప్రధాన ఆయుధమైంది.

అయితే ఈ ఆయుధాన్ని జాగ్రత్తగా పట్టుకోవాలి. జట్టుకు ఇరవై చిల్లర పిల్లలు. అందులో ముగ్గురు నలుగురి జీవితాలు అటూ ఇటూ అయితే శాతాలు తారుమారవుతాయి. పోల్చినవారు పోటీలో ఉన్న ఒక పద్ధతికి స్వయంగా రూపకర్తలు. ప్రత్యక్ష బోధన రూపకర్తలు ఈ రెండు కారణాలతోనే ఫలితాలను తీవ్రంగా ప్రశ్నించారు. పైగా ప్రభుత్వం కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా చేపట్టిన ‘ఫాలో త్రూ’ అనే భారీ పోలికలో, 1977 నాటి మూల్యాంకనం ప్రకారం, ప్రాథమిక నైపుణ్యాల్లో ముందు నిలిచింది ప్రత్యక్ష బోధనే. వైకార్ట్ పద్ధతి అందులో వెనుకబడింది. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెడితే ఒక సమంజసమైన అర్థం కనిపిస్తుంది. మూడు, నాలుగేళ్ల వయసుకు సరిపడేది ఆరేడేళ్ల వయసుకు చాలకపోవచ్చు. చదవడం, లెక్కలు నేర్పే వయసులో స్పష్టమైన బోధనకు ఉన్న విలువ నాలుగేళ్ల బిడ్డ ముందు ఉండకపోవచ్చు. మూడు నుంచి ఎనిమిదేళ్లను ఒకే దశగా కలిపిన మన కొత్త చట్రం ఎదుర్కోవలసిన కష్టమైన ప్రశ్న ఇదే. ఆ దశ అంతటా ఒకే పద్ధతి నడవాలని అనుకుంటే ఒక చివర పొరపాటు తప్పదు.

రూపకర్తే పరీక్షకుడైతే

1970లో వైకార్ట్ పాఠశాలల ఉద్యోగం వదిలి హైస్కోప్ విద్యా పరిశోధన సంస్థను స్థాపించారు. ఆ పేరు అంతకు ముందు ఆయన, ఆయన భార్య ఫిలిస్ కలిసి కౌమార వయసు పిల్లల కోసం నడిపిన వేసవి శిబిరం నుంచి వచ్చింది. కదలిక, సంగీతం ద్వారా నేర్చుకోవడం మీద ఫిలిస్ చేసిన పని కూడా ఆ పాఠ్యప్రణాళికలో కలిసింది. సంస్థ ఒకవైపు పెర్రీ పిల్లల వివరాలు సేకరిస్తూ, మరోవైపు టీచర్లకు శిక్షణ, చేతిపుస్తకాలు, పిల్లల ఎదుగుదలను రోజువారీ గమనింపుతో నమోదు చేసే పట్టికలు తయారుచేసింది. పరీక్ష హాలులో మార్కులు వేయడానికి బదులు, ఆడుకుంటున్న బిడ్డను చూసి టీచరు రాసుకునే గమనికనే ఆధారంగా తీసుకోవడం ఆ పట్టికల ప్రత్యేకత.

ఒకే సంస్థ తన పద్ధతిని తానే పరీక్షించడంలో చిక్కు ఉన్నమాట నిజం. అయినా బయటి సంస్థ ఏదీ నలభయ్యేళ్లు 123 మందిని వెంబడించేది కాదన్నదీ నిజమే. ఇలాంటి పనికి సరైన రక్ష, వివరాలను ఇతరుల చేతికి ఇవ్వడం. హెక్‌మన్ వంటి బయటి పరిశోధకులు అసలు గణాంకాలను తీసుకుని తిరిగి లెక్కించగలగడం వల్లనే పెర్రీ ఫలితాలకు ఇప్పటి విశ్వసనీయత వచ్చింది.

1980ల నడుమ నుంచి వైకార్ట్ అంతర్జాతీయ విద్యా మూల్యాంకన సంఘం తరఫున, నాలుగేళ్ల పిల్లల బడులను వివిధ దేశాల్లో పరిశీలించే అధ్యయనానికి సమన్వయకర్తగా ఉన్నారు. ఇండొనేషియా, థాయిలాండ్, ఫిన్లాండ్, ఇటలీ, పోలండ్ వంటి పది దేశాల్లో పిల్లలను ఏడేళ్ల వయసు దాకా గమనించిన భాగం ముఖ్యమైనది. పిల్లలు తమ పనిని తాము ఎంచుకునే సమయం ఎక్కువగా ఉన్నచోట, టీచర్లు ఎక్కువ చదువుకున్నచోట ఏడేళ్లకు భాష మెరుగ్గా ఉంది. అందరినీ ఒకే గుంపుగా కూర్చోబెట్టే సమయం తక్కువగా ఉన్నచోట, రకరకాల సామగ్రి ఉన్నచోట ఆలోచనాశక్తి మెరుగ్గా ఉంది. ఇది పేద నల్లజాతి పిల్లల మీదా, తన సొంత పద్ధతి మీదా చేసిన అధ్యయనం కాదు కనుక, వైకార్ట్ కృషిలో మన దేశానికి ఎక్కువ పనికివచ్చేది పెర్రీ కన్నా ఇదేనని చెప్పవచ్చు.

చిన్న బడి పెద్ద పథకమైతే

పెర్రీ లెక్కను చూసి మొదలైన పెద్ద పథకాలన్నీ అదే ఫలితం ఇవ్వలేదు. హెడ్‌స్టార్ట్ మీద 2002లో మొదలైన యాదృచ్ఛిక అధ్యయనంలో తొలి లాభాలు ప్రాథమిక తరగతుల్లోనే చాలామటుకు కరిగిపోయాయి. టెనెసీ రాష్ట్రపు శిశుబడులపై 2022లో వచ్చిన ఫలితాలు మరింత కలవరపెట్టాయి. సుమారు మూడు వేల మంది పిల్లలను గమనిస్తే, లాటరీలో సీటు వచ్చినవారు ఆరో తరగతికి రానివారి కన్నా పరీక్షల్లో వెనుకబడ్డారు. అక్కడి తరగతుల్లో ఎక్కువ సమయం టీచరు చెప్పేది అందరూ కూర్చుని వినడంలో, ఒక పని నుంచి ఇంకో పనికి వరసల్లో మారడంలో గడిచిందని ఆ పరిశోధకుల్లో ఒకరు వివరించారు. పోల్చే జట్టు కూడా మారింది. 1962లో శిశుబడికి వెళ్లని బిడ్డకు మరో ఆసరా లేదు. ఇప్పుడు వెళ్లని బిడ్డ ఏదో ఒక సంరక్షణ కేంద్రంలోనో, బాగా చదువుకున్న తల్లి దగ్గరో ఉంటుంది.

అంగన్‌వాడీ దగ్గర

భారతదేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య దాని ఆరు సేవల్లో ఒకటి. ఇప్పుడు కేంద్రాల సంఖ్య సుమారు 14 లక్షలు. ఆ చదువు చెప్పవలసిన అంగన్‌వాడీ టీచరే గర్భిణులకు పోషకాహారం పంచాలి, పిల్లల బరువు తూచాలి, టీకాల రోజున సాయపడాలి, ఫోన్‌లో యాప్ నింపాలి, రిజిస్టర్లు రాయాలి. ఆయా వంటలోనూ శుభ్రతలోనూ ఉంటుంది. పెర్రీలో రెండున్నర గంటలు నలుగురు టీచర్లకు ఇంకే పనీ లేదన్న సంగతితో దీన్ని పోల్చి చూడాలి. టీచర్ల శ్రద్ధలో తేడా కాదిది, వారికి దక్కిన సమయంలో తేడా.

ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయపు శిశువిద్యా కేంద్రం, పిల్లల చదువు స్థాయిని సర్వే చేసే అసర్ కేంద్రం, యునిసెఫ్ కలిసి 2011 నుంచి 2016 దాకా అస్సాం, రాజస్థాన్, తెలంగాణ గ్రామాల్లో సుమారు 14,000 మంది పిల్లలను నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసు దాకా గమనించాయి. ఎక్కువ మంది పిల్లలు ఏదో ఒక శిశుబడికి వెళ్తూనే ఉన్నారు. కానీ ఐదేళ్లకు బడికి కావలసిన సంసిద్ధత ఆశించినంత లేదు. ప్రైవేటు శిశుబడులు ఒకటో తరగతిని కిందికి దించి, అక్షరాలు, అంకెలు కంఠస్థం చేయించడంలో ఉన్నాయి. అంగన్‌వాడీల్లో చదువుకు దొరికే సమయమే తక్కువ. పేరు ఏదైనా, వయసుకు తగిన పనులు జరిగినచోట మాత్రం పిల్లల సంసిద్ధత మెరుగ్గా ఉంది. ఎల్‌కేజీయా, అంగన్‌వాడీయా అన్న ప్రశ్నతో సతమతమయ్యే తల్లిదండ్రులకు ఈ ఫలితం నేరుగా పనికొస్తుంది. బోర్డు మీద రాసినదాని కన్నా, ఆ పూట బిడ్డ చేతిలో ఏముంది, బిడ్డతో ఎవరు మాట్లాడారు అన్నదే తేడా తెచ్చింది.

సమయం సంగతిని నేరుగా పరీక్షించినది తమిళనాడులో జరిగిన ప్రయోగం. కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు 640 అంగన్‌వాడీ కేంద్రాలను తీసుకుని, లాటరీ పద్ధతిలో 320 కేంద్రాలకు శిశువిద్య కోసం ఒక అర్ధరోజు ఉద్యోగిని అదనంగా ఇచ్చారు. కొత్త భవనం లేదు, ఖరీదైన సామగ్రి లేదు. పూర్వ ప్రాథమిక విద్యకు దక్కే సమయం రెండింతలైంది. ఏడాదిన్నర తరువాత ఆ కేంద్రాల పిల్లలు భాషలో, గణితంలో స్పష్టంగా ముందున్నారు. చదువు భారం తగ్గిన పాత ఉద్యోగినికి పోషణ, ఆరోగ్యం పనులకు తీరిక దొరకడంతో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లల శాతమూ, తీవ్ర పోషకాహార లోపమూ తగ్గాయి.

కేంద్రం 2023లో ప్రకటించిన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇస్తోంది, ఆ తరువాత మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం ‘ఆధార్‌శిల’ పేరుతో పాఠ్యప్రణాళిక వచ్చింది. వీటిలో ఉన్న దినచర్య, పిల్లల ఎంపిక, ఆట మూలలు వైకార్ట్ బృందం అరవై ఏళ్ల కిందట రూపొందించినదానికి దూరపు చుట్టాలే. ఆ దినచర్య పుస్తకంలోంచి గదిలోకి రావాలంటే, పొద్దున పది గంటలకు పిల్లల మధ్య కూర్చున్న టీచరును రిజిస్టరు కోసం, పంపిణీ కోసం, సమావేశం కోసం లేపకుండా ఉండగల రెండో మనిషి ఆ కేంద్రంలో ఉండాలి.